మీ అమ్మ తీసిన వాగ్దానం

రేపల్లె,
డిసెంబరు 3.

ప్రియమైన అమ్మాయి భాగ్యశ్రీకి,

ప్రభువు నామంలో మీ నాన్న దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. ‘అందరం’ అనడానికి ఇంట్లో ఇప్పుడు నేనొక్కణ్ణే. తింటున్నాను, తిరుగుతున్నాను, బీపీ బిళ్ళ వేళకు వేసుకుంటున్నాను. దాన్ని క్షేమం అనుకుంటే క్షేమమే. అక్కడ విశాఖలో నువ్వూ, అల్లుడు శ్యామూ, పాపా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. పోస్టుమ్యాన్ “చేత్తో రాసిన ఉత్తరం చూసి ఎన్నాళ్ళయిందో మాష్టారూ!” అని మురిసిపోతూ ఇచ్చాడు. నాకు మురిపెం కలగలేదు. సెప్టెంబరులో అమ్మను సమాధి చేసి వెళ్ళిన దగ్గర్నుంచి నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదు. శ్యామే ఎత్తి “డ్యూటీలో ఉందండి మావయ్యగారూ” అంటాడు. రోజుకు ఇరవై నాలుగు గంటల డ్యూటీ ఏ ఆసుపత్రిలోనూ ఉండదని నాకూ తెలుసు. నువ్వు ఉత్తరం రాశావు కాబట్టి జవాబు కూడా ఉత్తరంలోనే కావాలని అర్థం చేసుకున్నాను. ఒకందుకు అదే మంచిది. ఫోన్‌లో అయితే నేను రాయబోయేది సగంలో మింగేసేవాణ్ణి.

నాలుగు ప్రశ్నలు అడిగావు. మూడు చిన్నవి, ఒకటి పెద్దది. సులువైనవి ముందు రాసేయమని ముప్పై అయిదేళ్ళు పిల్లలకు చెప్పిన పంతుల్ని కదా, నేనూ అలాగే రాస్తున్నాను.

అమ్మ చీరలు ఏం చేశావన్నావు. పక్కింటి శేషమ్మకు ఇచ్చాను. బుధవారం స్త్రీల కూడికకు ఇద్దరూ ఏళ్ళ తరబడి జంటగా వెళ్ళినవాళ్ళు. నీ పెళ్ళికి కట్టుకున్న మెంతిరంగు పట్టుచీర మాత్రం నీకోసం ఉంచాను. శేషమ్మ మొన్న ఆదివారం అమ్మ నీలం నేతచీర కట్టుకుని చర్చికి వచ్చింది. వెనకనుంచి చూసి నేను పాట మధ్యలో ఆగిపోయాను. తప్పు ఆమెది కాదు, కట్టుకోమనే కదా ఇచ్చింది.

సమాధి రాయి సంగతి. పోయిన నెలలో తెనాలి వెళ్ళి రాయి చెక్కే వెంకట్రామయ్యకు అప్పగించి వచ్చాను. పేరూ, పుట్టిన తేదీ, పోయిన తేదీ రాసిచ్చాను. అతను కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మీ వాళ్ళందరూ కింద ఒక వాక్యం చెక్కిస్తారు కదండీ మాష్టారూ. అమ్మగారికేం చెక్కమంటారు?”

“ఏమీ వద్దయ్యా.”

“అంత రాయీ ఖాళీగా ఉంటే బోసిగా ఉంటదండీ.”

“ఉండనీ” అన్నాను.

ఖాళీగానే వదిలాను. దాని మీద సంఘంలో గుసగుసలు బయలుదేరాయి. కొత్త సంవత్సరం కార్డుల్లో అమ్మ తీసిన బైబిలు వాగ్దాన వచనమే రాయి మీద వేయించాలని పాస్టరు గారు నాకు రెండుసార్లు చెప్పారు. సమాధి కార్యక్రమంలో ఆయన అన్న మాట నువ్వు మరిచిపోయి ఉండవు. ‘బతుకుతావని దేవుడు అన్నది ఈ లోకంలో బతుకు గురించి కాదు, నిత్యజీవం గురించి, కాబట్టి సహోదరి రాహేలమ్మ విషయంలో వాగ్దానం నెరవేరింది’ అన్నారు. నువ్వు చెప్పులు కూడా వేసుకోకుండా లేచి బయటికి వెళ్ళిపోయావు. నీ వెనక రావలసినవాణ్ణి నేను రాలేదు. ఎందుకు రాలేదో కింద రాస్తాను.

మూడోది, నువ్వు ప్రార్థన చేస్తున్నావా నాన్నా అన్నావు. నోటితో చేస్తున్నాను. ఆదివారం పాస్టరు గారు “మాష్టారు ప్రార్థనలో నడిపిస్తారు” అనగానే లేస్తాను. ‘పరిశుద్ధుడవైన తండ్రీ’ అని మొదలుపెడితే తక్కినదంతా దానంతటదే వచ్చేస్తుంది, ఎక్కాలు ఒప్పజెప్పినట్టు. చివర్లో జనం ఆమెన్ అంటారు. నేను కూర్చుంటాను. ఇంట్లో ఒంటరిగా మాత్రం సెప్టెంబరు నుంచి ఒక్కసారీ మోకరించలేదు. దేవుడు లేడని అనిపించి కాదు. ఉన్నాడేమోనన్న భయంతో.

ఇక నాలుగోది. నీ మాటలే మళ్ళీ ఇక్కడ రాస్తున్నాను, నేను తప్పించుకోకుండా ఉండడానికి. ‘జనవరి ఒకటిన అమ్మ తీసిన కార్డులో చావవు, బతుకుతావు అని ఉంది. సెప్టెంబరులో అమ్మ పోయింది. పరాయి రోగుల్ని బతిమాలి ఆపరేషన్‌కి ఒప్పించే నర్సుని నేను, మా అమ్మ దగ్గర నోరు మూసుకున్నాను. దేవుడే చెప్పాక నేనెవర్ని అనుకున్నాను. దేవుడు మాట తప్పాడా నాన్నా, లేక ఆయన అసలు లేనే లేడా? నేను ప్రార్థన మానేశాను. పాపకు నేర్పడం కూడా మానేశాను.’

అమ్మాయీ, నువ్వు ఆసుపత్రిలో ఉండి ఇది చదువుతుంటే ఇక్కడ ఆపు. ఇంటికి వెళ్ళి, కూర్చుని చదువు.

మన సంఘంలో కొత్త సంవత్సరం వాగ్దానాల పని ముప్పై ఏళ్ళుగా నాది. వేరే సంఘాలవాళ్ళు గుంటూరులో అచ్చు కార్డులు కొనుక్కుంటారు. మనవాళ్ళకు మాష్టారి దస్తూరీయే కావాలి. నూట నలభై కార్డులు కోసి, ఒక్కోదాని మీద ఒక్కో వచనం రాసి, మడిచి, పళ్ళెంలో పోస్తాను. ఒక్కొక్కరూ వచ్చి కళ్ళు మూసుకుని ఒకటి తీస్తారు. అదే ఆ ఏడాదికి దేవుడు వాళ్ళతో మాట్లాడిన మాట. నచ్చలేదని వెనక్కి వేయకూడదు, రెండోసారి తీయకూడదు. ఇల్లు మొదలుపెట్టాలా వద్దా, సంబంధం ఖాయం చేసుకోవాలా వద్దా అన్నీ దాన్ని చూసే తేల్చుకుంటారు. ఎవరికి ఏది వచ్చినా అచ్చం తన కోసమే వచ్చిందంటారు. నాకు లోపల కాస్త నవ్వు వచ్చేది. అయినా నా వంతు వచ్చినప్పుడు నేనూ కళ్ళు గట్టిగా మూసుకునే తీసేవాణ్ణి.

పోయిన డిసెంబరు ముప్పయ్యో తేదీన సంఘం కార్డులన్నీ రాసి కట్ట కట్టాక, ఇంకో పన్నెండు కోశాను. పన్నెండింటి మీదా ఒకే వచనం రాశాను. మీ అమ్మ తీసింది ఆ పన్నెండిట్లో ఒకటి.

దేవుడు మాట తప్పలేదమ్మా. ఆ మాట ఆయన ఇవ్వలేదు. నేనిచ్చాను.

ఎందుకు చేశానో చెబుతాను. చెప్పినంత మాత్రాన పాపం తగ్గదని తెలుసు. పోయిన ఏడాది నవంబరులో గుంటూరు డాక్టరు రొమ్ములో గడ్డ చూసి, ముక్క పరీక్ష చేయించి, వెంటనే తీసేస్తే భయం లేదన్నాడు. జనవరి ఇరవయ్యో తేదీ ఇచ్చాడు. ఆ తేదీ విన్న దగ్గర్నుంచి మీ అమ్మ భయపడిపోయింది. “మత్తిచ్చాక ఇంక లేవనేమోనండి” అనేది. చివరికి “కొత్త సంవత్సరం రానివ్వండి, వాగ్దానంలో ఆయన ఏమంటాడో చూసి చెబుతాను” అంది. అది నీతో ఫోన్‌లో కూడా అంది. ఆ నూట నలభైలో ఏమేం ఉన్నాయో రాసినవాణ్ణి నాకు తెలుసు కదా. శ్రమలు ఓర్చుకోమనేవి ఉన్నాయి, పరలోకంలో చోటు సిద్ధంగా ఉందనేవి ఉన్నాయి. అలాంటిది చేతికి వస్తే ఆమె ఆపరేషన్ బల్ల ఎక్కదు. బతుకుతావని వస్తే ధైర్యంగా వెళ్ళి కోయించుకుంటుంది. ఇంతే నేను ఆలోచించింది. ఆమెను ఆసుపత్రికి పంపడానికి రాశాను ఆ కార్డులు, భాగ్యం. ఆపడానికి కాదు.

జనవరి ఒకటిన ఆమెకు జ్వరం వచ్చి చర్చికి రాలేదు. మంచాన ఉన్నవాళ్ళకు పళ్ళెం ఇంటికి తీసుకెళ్ళడం మన పద్ధతి. “అమ్మగారికి మీరే తీసుకెళ్ళండి మాష్టారూ” అన్నారు పాస్టరు గారు. ఆమె రాగలిగితే ఏం చేయాలో కూడా ముందే ఆలోచించుకున్నాను, ఆ అవసరం రాలేదు. చర్చి వెనక గదిలో మిగిలిన కార్డులు సంచిలో పోసి, జేబులోని పన్నెండూ పళ్ళెంలో వేసి, తెల్లగుడ్డ కప్పాను. రెండు చేతులతో పట్టుకుని నడిచాను. దారిలో ఎదురైనవాళ్ళు పక్కకు తప్పుకుని వందనం పెట్టారు.

ఆమె కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేసుకుంది. చేత్తో కార్డులన్నీ కలిపింది. ఒకటి పట్టుకుని, వదిలేసి, ఇంకోటి తీసింది. వదిలేసినప్పుడు ఆమె ముఖంలో ఎంత ఆలోచన ఉందో! పండక్కి వచ్చిన నువ్వు గుమ్మంలో నిలబడి ఉన్నావు. “నాన్నా, పాప పేరు మీద నేనూ ఒకటి తీస్తా” అని చెయ్యి చాపావు. నేను పళ్ళెం వెనక్కి లాక్కుని, “చర్చిలో తీశారుగా, ఎన్నిసార్లు తీస్తారు?” అని కసిరాను. నీకు గుర్తుండే ఉంటుంది. పండగ పూట పసిదాని మీద అంత కోపమేంటని నొచ్చుకున్నావు. మిగిలిన పదకొండూ ఆ పూటే నీళ్ళ పొయ్యిలో పడేశాను.

ఆమె చదివి ఏడ్చింది. నువ్వూ ఏడ్చావు. నేనూ ఏడ్చాను, అనుకున్నది జరిగిందని. అప్పుడు మీ అమ్మ కార్డు కళ్ళకద్దుకుని అంది: “ఇంక కత్తెందుకండీ? ఆయనే చెప్పాక కూడా పోయి కోయించుకుంటే ఆయన్ని నమ్మనట్టు కాదా?”

ఈ మాట వస్తుందని నాకు తట్టనే లేదు. ముప్పై ఏళ్ళు ఆ కార్డులు రాసినవాణ్ణి, వాటిని మనవాళ్ళు ఎలా చదువుతారో చూసినవాణ్ణి, మీ అమ్మ ఎలా చదువుతుందో ఊహించలేకపోయాను. నువ్వు “డాక్టర్ల చేత కూడా దేవుడే బాగుచేయిస్తాడమ్మా” అన్నావు. “ఇందులో డాక్టరని ఉందేంటే?” అంది. నువ్వు సాయం కోసం నా వైపు చూశావు. నేను నేలచూపులు చూశాను. నువ్వు అప్పుడే నోరు మూసుకున్నావు.

ఆ క్షణంలో చెప్పాల్సింది. సాయంత్రం చెబుదామనుకున్నాను. మర్నాడు అనుకున్నాను. ఇరవయ్యో తేదీ వచ్చింది, వెళ్ళింది. ఫిబ్రవరిలో బాపట్లలో స్త్రీల కూటాలు జరిగితే ఆమె వేదిక ఎక్కి, దేవుడు మాటిచ్చాడని ఆపరేషన్ మానుకున్నానని సాక్ష్యం చెప్పింది. కార్డు చేత్తో ఎత్తి చూపించింది. అంత జనంలో ఆమె గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు. దిగాక ఆడవాళ్ళంతా చుట్టూ మూగి ఆ కార్డు తాకారు. పెనుమూడి నుంచి వచ్చిన రంగమ్మ అనే ఆవిడ, తన కూతురికి కూడా ఇలాంటి గడ్డే ఉందని చెప్పి ఆ కార్డు కళ్ళకద్దుకుంది. నేను రెండడుగుల దూరంలో సంచి పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ పిల్ల ఆపరేషన్ చేయించుకుందో మానుకుందో నాకు ఈనాటికీ తెలియదు. పదినెలలుగా తెలుసుకోకుండా ఉండిపోయాను.

ఇంకో సిగ్గుమాలిన సంగతి రాస్తాను. వేసవి వచ్చేసరికి నేను కూడా ఆ కార్డును నమ్మడం మొదలుపెట్టాను. అంత మంది స్తుతిస్తుంటే, ఆమె ముఖం అంత వెలుగుతుంటే, దేవుడే నా చేత ఆ పన్నెండూ రాయించాడేమో అనుకున్నాను. గడ్డ మెత్తబడిందని ఆమె అంటే నా వేళ్ళకూ మెత్తగానే తగిలింది. మే నెలలో నొప్పి ఓర్చుకోలేక తెనాలిలో స్కానింగ్ తీయిస్తే అది ఊపిరితిత్తుల దాకా పోయింది. డాక్టరమ్మ కాగితాలు చూసి “చదువుకున్నవాళ్ళే కదండీ మీరు? ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?” అంది. తిరుగు బస్సులో మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని “ఆఖరి దాకా పరీక్షిస్తాడండీ ఆయన” అంది. నేను అవునన్నాను.

నువ్వు అడగని ప్రశ్న ఒకటి ఉంది. అడగలేదు కాబట్టి దాటేయవచ్చు. కానీ అక్కడ కూడా నీకు అబద్ధం చెప్పాను. అమ్మ ప్రశాంతంగా వెళ్ళిందని చెప్పాను. వెళ్ళలేదు. ఆగస్టు నెలంతా ఆమె తన తప్పు వెతుక్కుంది. దేవుడు మాట తప్పడు కాబట్టి తప్పు తనలోనే ఉండాలని ఆమె లెక్క. శేషమ్మను పిలిపించి, ఎప్పుడో కూడికలో నీ పాటను ఎగతాళి చేశాను, క్షమించవే అని చేతులు పట్టుకుంది. శేషమ్మకు ఆ సంగతే గుర్తులేదు. ఎవరి పెళ్ళికో వెళ్ళి ఉపవాస శుక్రవారం తప్పానని ఒకరోజు ఏడ్చింది. నిన్ను చిన్నప్పుడు గరిటతో కొట్టినది కూడా లెక్కలో వేసుకుంది. పోవడానికి నాలుగు రోజుల ముందు నన్ను అడిగింది.

“ఏవండీ, నా నమ్మకంలో ఏదో లోపం ఉంది. అదేంటో మీకైనా తెలుసా?”

“నీలో ఏ లోపమూ లేదు రాహేలూ.”

“మరెవరిలో ఉందండీ?”

నేను నీళ్ళ గ్లాసు అందించాను. రెండు గుటకలు తాగింది. ఆ తర్వాత ఆమె నన్ను ఏమీ అడగలేదు.

నిజం చెబితే ఆ కాస్త ఆశా తెగిపోతుందని చెప్పలేదని నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. అది సగమే నిజం. తక్కిన సగం ఏంటంటే, ఆమె నన్ను మోసగాడిగా చూసి వెళ్ళిపోవడం నాకు ఇష్టం లేదు. నా మర్యాద కాపాడుకోవడం కోసం ఆమెను, తాను పాపిననే బాధతో పోనిచ్చాను. ఇంత కటువుగా రాయకపోతే నేను మళ్ళీ ఏదో చాటుకు జారుకుంటాను.

నీకు కూడా చెప్పకపోదును. నువ్వు దేవుణ్ణి తిట్టుకుని ఊరుకుంటే నాకు నిశ్చింతగానే గడిచేది. సమాధి దగ్గర నువ్వు లేచి వెళ్ళినప్పుడు నీ కోపం నా మీద కాదని లోపల ఊరట కూడా పడ్డాను. అందుకే నీ వెనక రాలేదు. కానీ నీ ఉత్తరంలో ‘నోరు మూసుకున్నాను’ అన్న మాట దగ్గర సిరా చెదిరి ఉంది. నువ్వూ మీ అమ్మలాగే తప్పు నీలో వెతుక్కోవడం మొదలుపెట్టావు. ఒకసారి చూస్తూ కూర్చున్నాను. రెండోసారి కూర్చోలేను.

కాబట్టి విను. నర్సుగా నువ్వు తప్పు చేయలేదు. దేవుడి మాటకు తలవంచాననుకున్నావు, నా దొంగరాతకు తలవంచావు. అందులో నీ పాపం వీసమెత్తు లేదు.

దేవుడు ఉన్నాడా లేడా అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. ఏడాది కిందట అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పగలిగింది ఒక్కటే. ఆరోజు ఆయన మీ అమ్మతో ఏం చెప్పదలచుకున్నాడో మనకు ఎప్పటికీ తెలియదు. వెళ్ళి కోయించుకోమనే అర్థం వచ్చే మాట ఒకటి ఆమె చేతికి వచ్చేదేమో. ఏమీ లేదేమో, అది ఉత్త అట్టముక్కేనేమో. ఆయన మాట్లాడడానికి చోటే లేకుండా పన్నెండు కార్డులూ నేనే నింపేశాను.

ఈ ఏడాది వాగ్దానాలు రాయనని నిన్న పాస్టరు గారికి చెప్పాను. కళ్ళు కనబడడం లేదా మాష్టారూ అన్నారు. ఆదివారం ఆరాధనలో అందరి ముందూ కారణం చెబుతానన్నాను. అంతకంటే ముందు నీకు తెలియాలి. ఈ ఉత్తరం డబ్బాలో వేసి అటునుంచి అటే పెనుమూడి వెళతాను, ఆ రంగమ్మ ఇల్లు వెతుక్కుంటూ. ఆ పిల్ల ఎలా ఉందో చూడాలి. ఎలా ఉన్నా, ఆ కార్డు ఎవరు రాశారో వాళ్ళకు చెప్పాలి.

నన్ను క్షమించమని అడగను. క్రిస్మస్‌కు రమ్మని కూడా అడగను. ఒక్కటే అడుగుతాను, అది నా కోసం కాదు. మోకరించు. నా పేరు పెట్టి మేలు కోరమని కాదు. మా నాన్న మా అమ్మకు ఇలా చేశాడు అని ఆయనకు చెప్పు. పొగడ్తలేవీ లేకుండా, నీకు ఎంత కోపం ఉంటే అంత కోపంతో, జరిగింది జరిగినట్టు ఫిర్యాదు చెయ్యి. అది కూడా ప్రార్థనే తల్లీ. ఆయన ఉంటే వింటాడు. నా తరఫున ఒక్క మాట చెప్పడానికి కూడా మీ ఇద్దరి మధ్యకు నేను ఇక రాను.

ఇట్లు,
ఏమని సంతకం పెట్టాలో తెలియక ఎప్పటిలాగే పెడుతున్న
మీ నాన్న,
దేవదాసు.